లాంజ్‌లో భోజనానికి పిలుపు

గువాహటి విమానాశ్రయంలోని లాంజ్ చిన్నది. వరసగా కుర్చీలు, ఓ మూల టీ, ఇడ్లీ, ఉప్మా. ఎవరికి వారే వడ్డించుకోవాలి. చిక్కడపల్లి విడిచి వారమైన నాకు ఆ ఇడ్లీ చాలు.

ఎదుట కూర్చున్న పెద్దాయనకు చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. పక్కన భార్య తెలుగులో విసుక్కుంటోంది.

"షుగర్ గోలి ఏసుకొని ఎంతసేపాయె! జర పోయి తినుండ్రి."

"ఎవలన్న పిలవాలె గద! పిలవకుండ పోయి పళ్లెం పట్టుకుంటే ఏమనుకుంటరు?"

"మనమేమన్న పెండ్లికొచ్చినమా, పిలువనీకి?"

పలకరిస్తే వాళ్లది మా పక్కనే రాంనగర్ అని తెలిసింది. "లోపలికి రానిచ్చారంటే తినమన్నట్టేనండీ," అన్నాను.

"కూసోమంటే బంతికి రమ్మన్నట్టా సార్?" అన్నారాయన.

ఇక వాదనకు సమయం లేదు. పెళ్లిళ్లలో మా బాబాయి పిలిచినట్టే, లేచి చేతులు జోడించాను.

"రండి, భోజనానికి లేవండి. మీరొస్తేనే బంతి మొదలు."

ఆయన వెంటనే లేచారు. "సూసినవా, గిట్ల పిలవాలె," అన్నారు భార్యతో.

రెండు ఇడ్లీలు, చక్కెర వేసిన టీ లోపలికి వెళ్లాక ఆయన చేతులు నిలకడగా కప్పు పట్టుకున్నాయి. నాకూ ప్రాణం కుదుటపడింది.

"అన్నా, విమానానికి గూడ జర మీరే పిలువుండ్రి, లేకుంటే ఈయన లేవడు," అందామె.

ఆ లాంజ్‌లో విమానాల పిలుపు కూడా వినపడదు. వాళ్ల విమానానికి గేటు తెరిచారని బోర్డు మీద కనపడగానే, వెళ్లి ఆయన ముందు చేతులు జోడించాను.