తప్పు కీకి పలికిన గొంతు

చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. పైగా నేను చెప్పబోయే సంగతిలో ఎవరూ చనిపోలేదు. అందుకే దీన్ని ఏమని పిలవాలో నాకు తెలియడం లేదు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటాను పట్టుకుని, విప్పి చూపించే ప్రోగ్రాం ఒకటి మా టీం తయారుచేస్తోంది. ఈ రోజుల్లో ఫోన్ మాటలు కూడా దారిలో ఎవరికీ అర్థం కాకుండా కలగాపులగంగా మారి వెళ్తాయి. సరైన కీ, అంటే తాళంచెవిలా పనిచేసే రహస్య అంకెల వరస, ఇస్తే మా ప్రోగ్రాం వాటిని మళ్ళీ మాటలుగా మార్చాలి. తప్పు కీ ఇస్తే ఏమీ వినిపించకూడదు. మహా అయితే గరగర. రెండూ సరిగ్గా జరుగుతున్నాయో లేదో చూడడం నా పని.

ఆ వేసవిలో సముద్రం ఒడ్డున మైపాడులో మా మామ ఇంట్లో ఉండి పనిచేశాను. మామ అంటే అమ్మ తమ్ముడు. ఆటోకి మైకు కట్టుకుని కోవూరు, నెల్లూరు వీధుల్లో సర్కస్ వచ్చిందనీ, చీరల షాపు తెరిచారనీ చెప్పుకుంటూ తిరిగేవాడు. ముఖం తెలియనివాళ్ళకు కూడా ఆయన గొంతు తెలుసు. ఆ గొంతులోనే గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. మెడ దగ్గర పెట్టిన చిన్న రంధ్రంలోంచే ఊపిరి. ప్రాణం నిలిచింది, మాట పోయింది.

అప్పటినుంచి మామ మనుషుల వైపు చూడడం మానేశాడు. పెదాలు కదిలిస్తే అత్తకు అర్థమవుతుంది, అయినా కదిలించడు. గోడ వైపు తిరిగి పడుకుంటాడు. మళ్ళీ మాట నేర్పేవాళ్ళున్నారని డాక్టర్ చెప్పినా వెళ్ళలేదు.

“మనిషి ఇంట్లోనే ఉండాడు శైలూ, నాకే దొరకతా లేడు” అంది అత్త ఒకరోజు, చేపలు కడుగుతూ.

ఒక మధ్యాహ్నం గాలి పూర్తిగా పడిపోయింది. ఎండకి కిటికీ రెక్కలు మూసి ఉన్నాయి. సందుల్లోంచి జారిన వెలుగు గదంతా పల్చటి గంజిలా పరుచుకుంది. అత్త అంగడికి వెళ్ళింది. మామ మంచం మీద, నేను కింద చాప మీద లాప్‌టాప్‌తో. రెండు ఫోన్ల మధ్య కాల్ కలిపి, ఎవరూ మాట్లాడకుండానే ఆ డేటాను పట్టాను. సరైన కీ ఇచ్చి విన్నాను. ఫ్యాను చప్పుడు, మామ ఊపిరి సన్నటి ఈల, ఎక్కడో అలలు. అంతే.

తరువాత తప్పు కీ ఇచ్చాను. మామ గొంతు వినిపించింది.

మైకులో గొంతు కాదు. ఇంట్లో మాట్లాడే గొంతు, అప్పుడే నిద్ర లేచినట్టు నిదానంగా.

“శైలా, ఆ కిటికీ తియ్యమ్మా. సముద్రం కనపడ్తా లేదు. మీ అత్త చెప్పులేసుకోకుండా పొయ్యింది. ఇసక కాల్తా ఉంటది.”

భయం వేయలేదు. నీళ్ళలో మునిగి, ఒడ్డున ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టుంది. తలెత్తి చూశాను. మామ ఇటు తిరిగి ఉన్నాడు. పెదాలు కదలడం లేదు. వేలితో లాప్‌టాప్ చూపించాడు, మళ్ళీ పెట్టమని. పెట్టాను. అవే మాటలు. కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు చెంప మీదుగా చెవిలోకి జారాయి.

కిటికీ తీశాను. గడప దగ్గర అత్త చెప్పులు అలాగే ఉన్నాయి.

వాటిని పట్టుకుని పరిగెత్తాను. అత్త సందు మలుపులో నీడ నుంచి నీడకు గెంతుతూ వస్తోంది.

“ఇవెందుకు తెచ్చినావే?”

“మామ చెప్పినాడు.”

అత్త నవ్వబోయి ఆగిపోయింది. చెప్పులు చేత్తోనే పట్టుకుని ఇంటికి పరిగెత్తింది.

ఆమెకూ వినిపించాను. జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద పెట్టినట్టు లాప్‌టాప్ మీద అరచెయ్యి పెట్టింది. అప్పుడు మామ పెదాలు కదిలాయి. చాలాసేపు కదిలాయి. అత్త తలూపుతూ చూసి నావైపు తిరిగింది.

“అప్పుడు మనసులో ఆ మాటలే అనుకుంటా పడుకోనుండినాడంట.”

మర్నాడు ఆ ఫైలు మా సీనియర్ రఫీ అన్నకి పంపాను. ఆయనా విన్నాడు. “ఎవరమ్మా ఈయన? ఎంత బాగుంది గొంతు!” అన్నాడు. పాత రికార్డింగ్ ఏదైనా కలిసిందేమోనని ఇద్దరం వెతికాం. ఆ ఫోన్లు పరీక్షల కోసం కొత్తగా కొన్నవి, వాటిలో ఏమీ లేదు. దొరికింది ఒక్క లోపమే. కీ తప్పయితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోవాలి, ఆగడం లేదు. దాన్ని సరిచేయాలి. సరిచేస్తే ఆ గొంతు ఇక వినిపించదు.

ఆ గొంతును ముందే విడిగా దాచి ఉంచనా అని మామను అడిగాను. కిటికీలోంచి సముద్రం వైపు కాసేపు చూశాడు. తల అడ్డంగా ఊపి, పెదాలు కదిలించాడు.

“వద్దంట” అంది అత్త. “ఇంక తానే మాట్లాడతాడంట.”

లోపం సరిచేశాం. ఇప్పుడు తప్పు కీ ఇస్తే నిశ్శబ్దమే. ఆ నెలలోనే మామ నెల్లూరు వెళ్ళి, గాలి మింగి మాట పలకడం నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆ పాత గొంతు రాలేదు. బొంగురుగా, ఒక్కో మాటే వస్తుంది. అత్తను మాత్రం రోజుకి పదిసార్లు పిలుస్తాడు, పని ఉన్నా లేకున్నా.

ఎవరూ పలకని మాట ఆ డేటాలోకి ఎలా చేరిందో, తప్పు కీకే ఎందుకు తెరుచుకుందో రఫీ అన్న ఈనాటికీ చెప్పలేకపోయాడు. మామను అడిగితే గాలి మింగి, మెల్లగా “ఏమో” అంటాడు. నాకూ అంతకన్నా తెలియదు.