జబ్బు గుర్రం, దారిన పోయే పుణ్యాత్ములు

మా నాయన జట్కా తోలేవాడు. నెల్లూరు నుంచి మైపాడు సముద్రానికి పోయే రోడ్డు మీద, కాలవ గట్టున మా ఇల్లు. అరవైల మొదట్లో ఆ రోడ్డు మీద బస్సు వస్తే వచ్చినట్టు, రాకపోతే లేదు. మనుషులను చేర్చేది మా జట్కానే. నా చిన్నప్పుడే అమ్మ పోయింది. నాయన మళ్ళీ పెళ్ళి మాట ఎత్తలేదు. ఇంట్లో మేం ముగ్గురం: నాయన, ఆయన కూతుర్ని నేను, మా ఎర్ర ఆడగుర్రం. బండి కట్టడం, తోలడం నాయన పని. గడ్డి వేయడం, ఒళ్ళు రుద్దడం, కాళ్ళు కడగడం నా పని.

అప్పటికి నాకు పంతొమ్మిదేళ్ళు. ఒడ్డూ పొడుగూ అంతంతమాత్రమే కాని, నోటికి మాత్రం కొదవ లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా మేనత్త నన్ను చూసినప్పుడల్లా అనేది. నా నోటికి ఏ ఊరూ మంచిదైన పాపాన పోలేదు.

ఆ ఏడు కార్తీకం ఇంకా మొదలవక ముందు నాయన ఎవరినో దించడానికి బుచ్చిరెడ్డిపాలెం పోయాడు. ఎండగా ఉందని గుర్రాన్ని ఒక బియ్యం మిల్లు చాటున నీడకు కట్టి, కాఫీ తాగడానికి వెళ్ళాడట. తలుగు ముడి ఊడింది. పక్కనే నూకల రాశి. ఎద్దయితే కాస్త తిని పడుకుని నెమరేసుకుంటుంది. గుర్రానికి చాలు అనే మాట తెలియదు. నాయన వచ్చేసరికి మూతి నిండా తెల్లటి పిండి పూసుకుని ఇంకా తింటూనే ఉంది. దొంగముండ, ఈ పూట పండగ చేసుకుందని నవ్వుకుంటూ ఇంటికి తోలుకొచ్చాడు.

మర్నాటికి అది అడుగు తీసి అడుగు వేయలేకపోయింది. ముందుకాళ్ళు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి, ఒళ్ళంతా వణుకుతూ నిలబడింది. నెల్లూరు నుంచి పశువుల డాక్టరుగారు వచ్చి గిట్టలు తడిమి చూశాడు. నా చెయ్యి కూడా పట్టుకుని గిట్ట మీద పెట్టించాడు. పొయ్యి మీంచి అప్పుడే దించిన పెనంలా కాలింది.

"తిన్న నూకలు విషమై గిట్టల్లోకి దిగాయి. లోపల వాచింది. ఎముక జారిపోయిందంటే గుర్రం ఇక లేవదు. ఉలవలు, తవుడు, బెల్లం, అరటిపండు, ఏదీ వద్దు. ఎండు వరిగడ్డి పెట్టండి, అదీ కొంచెం కొంచెంగా. పగలంతా కాళ్ళు చల్లటి బురదలో ఉండాలి. పైన నీళ్ళు పోస్తూ ఉండండి" అన్నాడు.

కాలవకూ రోడ్డుకూ మధ్య నాయనా నేనూ గుంట తవ్వాం. పైన తాటాకులు కప్పాం. గుర్రాన్ని మెల్లగా నడిపించి ముందుకాళ్ళు బురదలో దించాం. దించగానే అది పెద్దగా ఊపిరి వదిలింది. అప్పటినుంచి మాకు కాలవలో బిందె ముంచడం, తెచ్చి కాళ్ళ మీద పోయడం, ఇదే పని.

ఇంతలో కార్తీకం వచ్చింది. బుచ్చి వైపు నుంచి, సంగం వైపు నుంచి, ఇంకా పై ఊళ్ళ నుంచి సముద్ర స్నానానికి పోయే రెండెడ్ల బండ్లన్నీ మా ఇంటి ముందునుంచే పోవాలి. ఆ బండ్లలో కూర్చున్నవాళ్ళకు ఏం కనబడుతుందో చెప్పనక్కర్లేదు. పక్కటెముకలు బయటపడిన గుర్రం మోకాళ్ళ దాకా బురదలో నిలబడి ఉంది. ముందర నాలుగు గడ్డిపోచలు. పక్కన బిందె పట్టుకుని గయ్యాళిలాంటి పిల్ల ఒకతి.

"ఏంది సామీ, గొడ్డుని బురదలో దిగేసినారే?"

"పనికొచ్చినన్నాళ్ళు చాకిరీ చేయించుకున్నారు, ఇప్పుడు పస్తు పెట్టినారు."

"పిడికెడు ఉలవలకు గతిలేనోళ్ళకి గుర్రం ఎందుకంట?"

నాయన అడిగిన ప్రతివాళ్ళకూ చేతులు జోడించి చెప్పేవాడు. "జబ్బు సామీ. దాణా పెట్టొద్దని డాక్టరుగారు చెప్పినాడు." ఎవరూ నమ్మేవాళ్ళు కారు. తిండి పెట్టొద్దని చెప్పే డాక్టరు ఏ లోకంలో ఉంటాడని ఎదురడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదని సామెత. మా గుర్రానికి అన్నీ తక్కువే అయ్యాయి, సలహాలు మాత్రం బండ్లకొద్దీ వచ్చి పడ్డాయి.

మాటలే అయితే పడేవాళ్ళం. కార్తీకంలో నోరులేని జీవానికి ఇంత పెడితే మామూలు రోజుల్లో పెట్టినదానికంటే ఎన్నో రెట్లు పుణ్యమని మా వైపు నమ్మకం. సముద్ర స్నానానికి పోయే దారిలో, బండి దిగితే చాలు చేతికందే చోట, ఆకలితో మాడుతున్న గుర్రం కనబడితే ఆ పుణ్యాన్ని వదులుకునేవాడెవడు? నేను పొయ్యి రాజెయ్యడానికి లోపలికి పోయి వచ్చేసరికి దాని ముందర అరిటాకు ఉంది. ఆకులో మిగిలిన పరవాన్నం మెతుకులను అది నాకుతోంది. మూతికి బెల్లం పాకం. పెట్టిన పుణ్యాత్ములు అప్పటికే బండెక్కి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి గిట్టలు మళ్ళీ కాలాయి. గుర్రం పక్కకు ఒరిగి పడుకుని మూలిగింది. గుర్రం అలా మూలుగుతుందని నాకు అంతవరకు తెలియదు. డాక్టరుగారు మళ్ళీ వచ్చి, చాలాసేపు తడిమి చూసి, లేచి చేతులు కడుక్కున్నాడు.

"ఇంకొక్కసారి ఇట్లా జరిగితే నన్ను పిలవొద్దు. వచ్చినా నేను చేసేదేమీ ఉండదు" అన్నాడు.

నాకు భయం వేసింది. పున్నమి ఇంకా ముందే ఉంది. పున్నమికి ఆ రోడ్డు మీద బండి వెనక బండి, ఇసక వేస్తే రాలని జనం. అంతమంది చేతులను ఆపడం మా ఇద్దరివల్ల అయ్యే పని కాదు. గుర్రం పోతే బండి పోతుంది, అది సరే. కాని గుర్రం పోతే నాయన ఏమైపోతాడో అని నాకు అసలు దిగులు. ఆయన అన్నం తినేటప్పుడు కూడా గుమ్మంలో దానికి ఎదురుగా కూర్చుని తినే మనిషి.

తెల్లారగానే కొబ్బరిపీచు తాడుతో చిక్కం అల్లాను. పైరులో మేయకుండా ఎద్దుల మూతికి కడతామే, అలాంటిది. గుర్రం మూతికి కట్టాను, గడ్డి వేసేటప్పుడు మాత్రం విప్పేదాన్ని. దాంతో జబ్బు సంగతేమో కాని మా పరువు పూర్తిగా పోయింది. అంతవరకు పిసినారులం, ఇప్పుడు కసాయివాళ్ళమయ్యాం. సంగం వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద రైతు, భుజం మీద జరీ అంచు కండువా, బండి ఆపించి మరీ దిగాడు.

"నోరులేని దానికి మూతి గూడా కట్టేసినారే, మీరు మనుషులేనా? పోలీసోళ్ళకి చెప్పి లోపల ఏయిస్తా!"

"చిక్కం అసలు కట్టాల్సింది మీకు సామీ. అంత పెద్దది అల్లేదానికి నా దగ్గర తాడు చాల్లా" అన్నాను.

ఆయన ముఖం జేవురించింది. నాయన గబగబా వచ్చి నన్ను లోపలికి పొమ్మని, ఆయనకు దణ్ణం పెట్టి పంపించాడు. తర్వాత వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"వాళ్ళు చెడ్డోళ్ళు కాదమ్మణ్ణీ. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవంటారు గదా. పెట్టే చెయ్యీ అంతే, ఊరుకోదు" అన్నాడు.

తిట్టే నోరు ఎవరిదో నాకు అర్థమైంది. అయినా, ఊరుకోని చేతులతో గుర్రం చచ్చిపోతే ఆ మంచితనం ఎవరికి కావాలని విసుక్కున్నాను. నాయన బిందె తీసుకుని కాలవ వైపు నడిచాడు.

పున్నమి ముందురోజు పొద్దున్నించే బండ్లు మొదలయ్యాయి. నాయన రోడ్డు పక్కన నిలబడి, వచ్చే బండికల్లా చేతులు జోడిస్తున్నాడు. నేను కాలవలో బిందె ముంచి లేచి చూసేసరికి, ఒక ముసలామె గుంటలోకి దిగి చిక్కం ముడి విప్పుతోంది. కొంగులో ఉడకబెట్టిన ఉలవల మూట. వాసనకు గుర్రం మెడ చాచింది. బిందె గట్టున పడేసి పరుగెత్తి ఆమె మణికట్టు పట్టుకున్నాను.

"చెయ్యి ఇడువుమే! ఏడాదికొక్కసారి సముద్రానికి పొయ్యేదాన్ని. నా పుణ్యం చెడగొట్టబాక!"

బండ్లు ఆగిపోయాయి. ముసలామెను ఏమిటా పట్టుకోవడం అని మగవాళ్ళు దిగి వస్తున్నారు. నాకు కోపంలో ఏడుపు వచ్చేసింది.

"పుణ్యం కావాల్నా నీకు? అదో బిందె! కాలవలో ముంచి దాని కాళ్ళ మీద నీళ్ళు పొయ్యి! అది తప్ప దానికి పనికొచ్చేది ఈ లోకంలో ఏదీ లేదు. చేతనైతే పొయ్యి, లేకపోతే నీ దోవన నువ్వు పో!"

పొమ్మనడానికే అన్నాను. ఆమె నా ముఖం చూసింది, గుర్రాన్ని చూసింది. ఉలవల మూట నడుముకు దోపుకుని, చీర ఎగ్గట్టి, గట్టెక్కి బిందె తీసుకుంది. నింపుకొచ్చి, గోవింద గోవింద అంటూ గుర్రం కాళ్ళ మీద ధారగా పోసింది. గుర్రం తల దించి కళ్ళు అరమూసింది. ఆమె వంగి, బురద పక్కకు నెట్టి, గిట్ట మీద అరచెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది.

"అమ్మా, కాలతా ఉండాదే!"

అప్పుడు చెప్పాను. మిల్లు దగ్గర నూకలు, డాక్టరు మాట, అరిటాకులో పరవాన్నం, అన్నీ. బయటివాళ్ళతో అరవకుండా మాట్లాడడం ఆ కార్తీకంలో నాకు అదే మొదలు. ఆమె అంతా విని రోడ్డు వైపు తిరిగింది. ఆమె గొంతు ముందు నా గొంతు ఏపాటిది!

"ఎవురూ తిండి పెట్టబాకండి! పెడితే సచ్చిపోద్దంట! కాళ్ళు నిప్పులు మాదిరి ఉండాయి. నీళ్ళు పొయ్యండి, నీళ్ళు!"

పక్షం రోజులు గొంతు చించుకుని నేను చెప్పిన మాటే అది. నేను చెబితే సాకు, ఆమె చెబితే నిజం. తప్పు చేశావని వేలు చూపించినవాళ్ళకు నువ్వు చెప్పే ఏ మాటా ఎక్కదు. నువ్వు కానివాళ్ళు ఎవరైనా చెప్పాలి. ఆ లెక్క నాకు ఆనాడే తెలిసింది, ఇప్పటికీ నచ్చలేదు.

ముసలామెను వాళ్ళ బండివాళ్ళు కేకలేసి పిలుచుకుపోయారు. ఆమె పోయినా మాట నిలిచింది. పోసినవాళ్ళు వెనకబండి వాళ్ళకు చెప్పారు. వాళ్ళు తమ చెంబులు, బిందెలు తీసుకుని దిగారు. నాయన కాలవ మెట్టు మీద నిలబడి ముంచి ముంచి అందించాడు. ఒకామె గిట్టలకు పసుపు రాసింది. ఒకతను ఇది ఏ దేవుడి గుర్రం, ఏం మొక్కుకోవాలి అని నన్నే అడిగాడు. ఇంకొకాయన భక్తితో కొబ్బరికాయ కొట్టేశాడు. ఆ చిప్పలు దాని నోటికి అందకుండా నేను బురదలో పడి ఏరుకోవలసి వచ్చింది. పోనీలే, కొబ్బరికాయతో పోయింది. సాయంత్రం దాకా ఒక్క గింజ దాని నోట పడలేదు. కాళ్ళ మీద ధార ఆగలేదు.

మర్నాడు పున్నమి స్నానాలు చేసుకుని బండ్లు తిరుగుముఖం పట్టాయి. తడి జుట్లు, ఉప్పు పేరుకున్న చీరలు, పిల్లల చేతుల్లో గవ్వలు. మా ఇంటి ముందుకు రాగానే ప్రతి బండీ నెమ్మదించేది. "కాళ్ళెట్టుండాయి?" అని అడిగేవాళ్ళు. ముందురోజు ఏ నోళ్ళు తిట్టాయో ఆ నోళ్ళే. గిట్టలు కాస్త చల్లబడ్డాయని నాయన చెబుతున్నాడు. ఆ రోజు నేను చిక్కం కట్టలేదు. అవసరం కనబడలేదు.

మధ్యాహ్నం దాటాక జరీ కండువా ఆయన బండి వచ్చి ఆగింది. మళ్ళీ ఏ గొడవ తెస్తాడో అని నేను గట్టు మీద లేచి నిలబడ్డాను. ఆయన దిగాడు, కాని నా వైపు రాలేదు. గుర్రాన్ని చూస్తూ నిలబడిపోయాడు. నేనూ అటు చూశాను. ఇన్నాళ్ళూ ముందుకు చాచి పెట్టిన కాళ్ళను అది ఒంటి కిందికి తెచ్చుకుని నిలబడి ఉంది. చూస్తుండగానే ఒక కాలు బురదలోంచి పైకి తీసింది. కాస్త ఆగింది. గట్టు మీద వేసింది. తర్వాత రెండోది.

గంటలు మోగకుండా బండివాడు ఎద్దుల మెడలు పట్టుకున్నాడు. గుర్రం అడుగు అడుగుకూ ఆలోచించుకుంటూ, జనం దారి ఇస్తుంటే, రోడ్డెక్కి నేరుగా ఆ బండి వెనక్కి పోయింది. ఎద్దుల కోసం వేసుకొచ్చిన వరిగడ్డి అక్కడ వేలాడుతోంది. మెడ చాచి మూతి దగ్గర పెట్టింది.

పెద్దాయన గబుక్కున ఇంత గడ్డి లాగి దాని నోటికి అందించబోయి, సగంలో చెయ్యి ఆపేశాడు. బండ్లలో వాళ్ళు, రోడ్డు మీద వాళ్ళు, అందరూ నా వైపు తిరిగారు.

"అమ్మణ్ణీ, గడ్డి తినొచ్చునా?" అని అడిగాడు.

ఎవరికి ఏ జవాబు చెప్పాలన్నా ఎన్నడూ తడుముకోని నా నోరు ఆ ఒక్క మాటకు పెగల్లేదు. ఏడుస్తూ తల ఊపాను.