కొట్టిగడ్డకు ఎండాకాలం కావాలి

గాజుతొట్టిలో నీళ్లు మార్చేటప్పుడు రబ్బరు గొట్టం ఒక కొసను నీళ్లలో ముంచి, ఇంకో కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తాను. ఒక్కోసారి అంచనా తప్పి గుటక పడుతుంది. అప్పుడు వస్తుంది ఆ వాసన, కొంచెం నాచు, కొంచెం ఒండ్రుమట్టి, కొంచెం మురిగిన ఆకు కలిసిన వాసన. వనపర్తిలో మేముండే రెండో అంతస్తు బాల్కనీలో, ఆరేసిన బట్టల కింద నిలబడి తుపుక్కున ఉమ్మేస్తూ ఉంటే నాకు ముందు మా ఊరి కుంట గుర్తొస్తుంది, ఆ వెంటనే కోపం వస్తుంది. చిన్ననాటి సంగతులు తలచుకుంటే మనసు చల్లబడుతుందని అందరూ అంటారు. నాకైతే ఒళ్లు మండుతుంది.

ఆ తొట్టిలో చేపలు లేవు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "చేపలేవి?" అని అడుగుతారు, లేవంటే నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. ఉన్నది ఒక మొక్క. అడుగున మట్టిలో చిన్న గడ్డ, దాన్నుంచి పైకి సాగిన సన్నటి కాడలు, నీటి మీద పరుచుకున్న కోల ఆకులు, దానికి బుద్ధి పుడితే తెల్లటి పూలకంకి. మా దిక్కు దీన్ని కొట్టిగడ్డ అంటాం. అక్వేరియం దుకాణాల్లో ఇలాంటివాటినే బల్బు మొక్కలంటారు. పట్నం నుంచి తెప్పించామని గొప్పగా చెప్పుకుంటారు. ఏం పట్నమో ఏమో.

మా ఊరు గోపాల్‌పేట దిక్కు, మెట్ట నేల. జొన్న, పల్లి, కంది తప్ప ఇంకో పంట పేరెత్తితే నవ్వేవాళ్లు. ఊరి పడమటి వైపు చెరువని పిలవడానికి లేని కుంట ఒకటి ఉండేది. ఆరుద్ర కార్తె వానలకు అందులో మోకాలి లోతు నీళ్లు చేరేవి, చేరిన వారం పదిరోజులకే, నిన్నటిదాకా పశువులు తిరిగిన బీటల నేల నుంచి ఎవరో పిలిచినట్టు ఆకులు పైకి వచ్చేవి. ఒడ్డున తుంగ, కొంచెం లోపల కొట్టిగడ్డ ఆకులు, నడిమధ్య కలువలు, అడుగున పిల్లి తోకలా ఊగే నాచు. మేం ఒడ్డున బోర్లా పడుకుని, రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని, నీళ్లలోకి చూస్తూ ఉండేవాళ్లం. కాడల మధ్య పరిగెలు, సన్నటి చేపపిల్లలు, తిరిగేవి, ఆకు అడుగున నత్త గుడ్లు అంటుకుని ఉండేవి, నాచు నుంచి గాలి బుడగలు ఒకదాని వెంట ఒకటి పైకి లేచేవి. కలువ కాడను ఒకసారి ఇటు, ఒకసారి అటు విరిచి, తొక్క తెగకుండా హారం చేసుకుని మెడలో వేసుకుని, పిక్కలకు పట్టిన జలగలను ఉప్పు వేసి ఊడదీసుకుంటూ ఇంటికి పోతే తన్నులు ఖాయం. అయినా పోయేవాళ్లం.

మా ఇంట్లో నీటి మొక్కలు పెంచింది మా మేనత్త జమ్ములమ్మ. ఆమెను గద్వాల అవతల ధరూర్‌కు ఇచ్చారు, మొగుడు పోయాక మా ఇంటికే వచ్చేసింది. నాయిన ఏటా పని కోసం బొంబాయి పోయేవాడు, అమ్మ కూలికి పోయేది, నన్నూ తమ్ముడు శేఖర్‌నూ మందలించేది, తినిపించేది అత్తే. కొట్టం పక్కన పశువులు తాగే గోలెం ఒకటి ఉండేది. వానాకాలం మొదట్లో అత్త కుంటలోంచి ఒక కొట్టిగడ్డను మట్టితో సహా పెళ్లగించి తెచ్చి, పగిలిన కుండపెంకులో నాటి, ఆ గోలెం అడుగున నిలబెట్టేది. నీళ్లు తేటగా ఉంటాయనేది, నాలుగు పరిగెలు కూడా వదిలేది. మా మొదటి అక్వేరియం అదే. పైనుంచి తప్ప పక్కనుంచి చూడ్డానికి వీల్లేదు, అయినా గోలెం అంచు పట్టుకుని వేలాడుతూ ఎంతసేపైనా చూసేవాళ్లం. "చెయ్యి పెట్టకుండ్రి, నీళ్లు కలకబారుతయ్. పూత రాలుతది," అని అరిచేది అత్త.

కాముడి పున్నమి నాటికి కుంటలో నీళ్లు తగ్గి, చెప్పులు దిగబడే బురద మాత్రం మిగిలేది. ఊళ్లో పిల్లలందరం అందులో దిగి, కాళ్లతో తడిమి గడ్డలు తీసేవాళ్లం. దానికొక పద్ధతి ఉంది. పెద్ద గడ్డ ఒడిలోకి, చిన్నది మళ్లీ బురదలోకి. పడేస్తే సరిపోదు, కాలి బొటనవేలితో లోపలికి తొక్కాలి. ఎవరైనా తొక్కకుండా ముందుకు పోతే పక్కవాళ్లు వీపు మీద ఒక్కటి వేసేవాళ్లు. అత్త ఒడ్డున కూర్చుని కనిపెట్టేది. "గా చిన్నదాన్ని తొక్కు పిల్లా! మల్లేడు ఏం తింటవ్, మన్ను తింటవా?"

ఇంటికి తెచ్చి కడిగి, పల్లి పొట్టు నిప్పుల్లో కప్పెడితే, తొక్క చిట్లి తియ్యటి వాసన వచ్చేది. ఉఫ్‌ఉఫ్‌మని ఊదుకుంటూ, ఉప్పూ కారం అద్దుకుని తినేవాళ్లం. ఉగాదికి బక్షాలు చేసినా, పీర్ల పండక్కి మలీద పంచినా, మా తమ్ముడికి ఆ గడ్డలంటేనే ప్రాణం. నా వాటా కూడా లాక్కుని తినేవాడు దొంగ సచ్చినోడు.

ఆ తమ్ముడే కుంటను తవ్వించాడు.

కొన్నేళ్ల కిందట, ఎండాకాలంలో, కుంట లోతు చేస్తున్నామని, ఆ ఒండ్రు చేలకు బలమని ఊళ్లో అందరూ కలిసి జేసీబీ తెప్పించారు. ముందుండి చేయించింది శేఖర్. నాకు ఆలస్యంగా తెలిసింది, పొద్దున్నే షేర్ ఆటో పట్టుకుని పోయాను. అప్పటికే కుంట నోరు తెరిచిన గొయ్యిలా ఉంది. మా పల్లి చేనంతా నల్లటి ఒండ్రు కుప్పలు. ఆ కుప్పల్లో, ట్రాక్టర్ టైర్ల కింద నలిగి, ఎండకు ముడుచుకుపోయి గడ్డలే గడ్డలు. మేకలు వాటిని ఏరుకుని నములుతున్నాయి.

"నీకు తెల్వదారా? నాకన్న ఎక్కువ తిన్నోనివి నువ్వే గద!" అని అందరి ముందే అరిచాను.

వాడు బిత్తరపోయి చూశాడు. "ఎండకాలం గదక్కా. ఉత్త పగిలిన మన్నే ఉండె. నీళ్లల్ల చెట్టు నీళ్లతోనే వస్తదనుకున్న."

చెంప ఛెళ్లుమనిపిద్దామనుకున్నాను. ఏటేటా బొటనవేలితో తొక్కిన మనిషి! తొక్కింది ఎక్కడికి పోతుందో, ఎండాకాలమంతా ఎక్కడ పడుకుంటుందో ఒక్కసారి కూడా తట్టలేదు వాడికి. వాడికే కాదు, ఆ ట్రాక్టర్ల మీదున్న వాళ్లందరూ ఆ బురదలో దిగి పెరిగినవాళ్లే. గడ్డ తిన్నారు గానీ ఎవ్వరూ ఆలోచించలేదు. అత్త అప్పటికి లేదు. ఉంటే జేసీబీకి అడ్డం పడుకునేది.

నలగని గడ్డలను కొంగులో ఏరుకుని, కాస్త ఒండ్రును సంచిలో వేసుకుని వనపర్తి వచ్చాను. బకెట్లో వేస్తే కొన్ని మొలకెత్తాయి. అప్పుడు కొన్నదే ఈ గాజుతొట్టి. గోలెంలో పైనుంచి మాత్రమే చూసిన మొక్కను మొదటిసారి పక్కనుంచి చూశాను. చుట్టుకున్న లేత ఆకు నీళ్లలో నిదానంగా విప్పుకుంటుంటే పొయ్యి మీద అన్నం మాడిపోయినా తెలియలేదు. చలికాలం పోయేసరికి ఆకులన్నీ పసుపెక్కి కరిగిపోయాయి. దుకాణం అతన్ని అడిగితే, "గది అయిపోయింది మేడం, పారేసి కొత్తది కొనుండ్రి," అన్నాడు. చావలేదు. దానికి ఎండాకాలం వచ్చింది, అంతే. గడ్డలను తీసి, మట్టికుండలో కుంట ఒండ్రు పోసి, అందులో పాతిపెట్టి, బీటలు వారేదాకా ఎండబెట్టాను. తొలకరికి మళ్లీ తొట్టిలో వేశాను. ఆకు వచ్చింది. సిగ్గు లేకుండా ఏడ్చాను.

అప్పటి నుంచి ఏటా అదే పని. గడ్డలు కొంచెం పెరిగాక, కుంటలో తిరిగి నాటుదామని సంచిలో వేసుకుని ఊరికి పోయాను. కుంట నిండుగా ఉంది. కాలువ నీళ్లు వచ్చాయి, ఇప్పుడది ఏడాది పొడవునా ఎండదు, ఎండని మట్టిలో గడ్డ మురిగిపోతుంది. చుట్టూ వరి. ఒడ్డు నిట్టనిలువుగా ఉంది, దిగితే నిలువు లోతు. పైగా చేపల గుత్తేదారు గడ్డిచేపలు వదిలాడట, ఆకన్నది కనబడితే రాత్రికి రాత్రి మేసేస్తాయట. తుంగ లేదు, కలువ లేదు, నాచు లేదు. ఆకుపచ్చటి చిక్కటి నీళ్లు, అంతే.

"ఒక్క మూల కట్టేసి వదలుండ్రిరా. ఎండనియ్యుండ్రి. ఒక్క మూల," అన్నాను.

శేఖర్ నెమ్మదిగానే అన్నాడు. "నీళ్లొచ్చినయని ఏడుస్తున్నవా అక్కా? నాయిన బొంబాయికి ఎందుకు పోయిండో యాదుందా?"

నీళ్లు వద్దని ఎవరంటారు? ఆ వరి పైరు చూస్తే నా కడుపు కూడా నిండింది. కానీ అంత కుంటలో ఒక్క మూల ఇస్తే ఏ పైరు ఎండేది? మేం ఆకలికి తిన్న గడ్డను, ఆకలి తీరగానే ఊరంతా మరిచిపోయింది. నాకు కోపం అందుకు. సంచి అలాగే పట్టుకుని తిరిగొచ్చాను.

పోయిన ఎండాకాలం నాకు జ్వరం ముదిరి దవాఖానలో పెట్టారు. ఇంటికి వచ్చేసరికి మట్టికుండ తడిగా ఉంది. పక్కింటావిడ నవ్వుతూ ఎదురొచ్చింది. "కుండల మన్ను పగిలి ఎండిపోయిందక్కా, పాపమనిపించి రోజూ నీళ్లు పోసిన," అంది. ఏమనగలను? నన్ను చూడ్డానికి దవాఖానకు రాగి జావ మోసుకొచ్చిన మనిషి. "మంచి పని చేసినవమ్మా," అని లోపలికి వచ్చి, కుండను బోర్లించి చూశాను. గడ్డలన్నీ మురిగి చేతికి జారిపోయాయి. ఒక్కటి గట్టిగా ఉంది. తొట్టిలో ఉన్నది అదే.

నా తర్వాత దీనికి ఎండాకాలం చేసిచ్చేవాళ్లు ఎవరూ లేరు, నాకు భయంగా ఉంది. మళ్లీ కుండలో పాతే రోజు దగ్గరికొస్తోంది. పొద్దున ఒక అట్టముక్క కత్తిరించి, కుండకు కట్టడానికి పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను, నీళ్లు లేక బొంబాయికి వలసపోయిన పాలమూరు కూలీ బిడ్డను నేనే. "దయచేసి నీళ్లు పోయొద్దు."