మందు కొట్టని మడి

పొలాల్లో కొట్టే పురుగుమందుల వల్ల గోదావరి పులసకు ఎంత ప్రమాదమో తేల్చడానికి మొన్న వానాకాలంలో ఇద్దరు అధికారులు మా ఊరొచ్చారు. మా బాబాయి చేలో నీళ్లు మురుగు కాలువలో పడి నేరుగా ఏట్లో కలుస్తాయి. అందుకని ఆయన్నే అడిగారు.

"అంత గోదారిలో ఈ కాస్త మందెంతండీ? వరదొస్తే అంతా కొట్టుకుపోద్ది" అన్నాడు బాబాయి. అప్పుడే స్ప్రేయర్‌ని ఆ కాలువలోనే కడిగి వచ్చాడు, చేతుల తడి ఇంకా ఆరలేదు. వాళ్లు తలూపి రాసుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే పిన్ని ఉరిమి చూసింది. వచ్చినవాళ్లకు మర్యాద చెయ్యాలి కదా!

ఆ మర్యాద బాబాయి బాగానే చేశాడు. వెళ్లేటప్పుడు కారులో బియ్యం బస్తా వేయించాడు. మా వైపు చాలామంది రైతుల్లాగే ఆయనా అమ్మే పంటకు మందు కొడతాడు, ఇంటి తిండికి మాత్రం ఓ మడి విడిగా ఉంచుకుంటాడు.

"ఇవి మేం తినేవేనండి. మందు చుక్క పడలేదు, పిల్లలకి భయం లేకుండా పెట్టండి."

"చాలా థాంక్సండీ" అన్నాడు పెద్ద అధికారి. పులసకు ప్రమాదమేమీ లేదని రాసుకున్న కాగితాలు ఆ బస్తా మీదే పెట్టి కారెక్కాడు.