ఒక్క రింగ్ అంటే మంచిగున్న

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఒళ్లుమంట. మా గౌలిపురాలో గల్లీకొక కథ ఉంటుంది. ఫలానా ఇంట్లో గజ్జెల చప్పుడట, ఫలానా బావి దగ్గర తెల్లచీరట. నేను పన్నెండేళ్లుగా ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాను. కాగితం మీద లేనిది నా దృష్టిలో జరగనట్టే. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. చదివి, "అయ్యో, ఆత్మ" అంటూ నాకు ఫోన్ చెయ్యకండి. తిడతాను.

మా తమ్ముడు నరేశ్ నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. నాన్న పోయాక ఇంట్లో ఉన్న నాలుగు గేదెలను అమ్మా, వాడూ చూసుకునేవాళ్లు. అఫ్జల్‌గంజ్‌లో మేడమీద ఆఫీసు పెట్టుకున్న ఒక ఏజెంటు వాడికి తగిలాడు.

"హెల్పర్ జాబ్ అక్కా. వంటకాడ, సామాన్లకాడ పని. తుపాకి ముట్టేదే ఉండది. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి" అని ఆ ఏజెంటు మా ఇంట్లో కూర్చుని, మా చాయ్ తాగుతూ నాకే చెప్పాడు. కాగితాలు చూశాను. ఆ భాష నాకు రాదు. ఆఫీసులో అయితే అలాంటి కాగితాన్ని మొహాన కొట్టి పంపేదాన్ని. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి నా తెలివి ఎటు పోయిందో.

ఆ దేశం పేరు రాయను. యుద్ధంలో ఉన్న దేశం, అది చాలు. వెళ్లిన పదిహేను రోజులకే వాడి చేతిలో తుపాకి పెట్టి ముందుకు తోశారు.

అక్కడ ఫోన్ అంటే ఏమిటో వాడు చెప్పాకే తెలిసింది. సైనికుడి దగ్గర ఫోన్ ఆన్‌లో ఉంటే ఆ సిగ్నల్‌ను అవతలివాళ్ల మెషీన్లు పట్టేస్తాయట. కాసేపట్లో డ్రోనో, బాంబో సరిగ్గా అక్కడికే వస్తుందట. అందుకని కమాండర్లు ఫోన్లు గుంజుకుంటారు. కుర్రాళ్లు బూట్లలో దాచుకుంటారు.

చివరిసారి మాట్లాడినప్పుడు నరేశ్ అన్నాడు. "ఇగ మాట్లాడుడు కుదరదక్కా. అమ్మ ఫోన్‌కు మిస్డ్ కాల్ ఇచ్చి బంద్ చేస్త. ఒక్క రింగంటే మంచిగున్న అన్నట్టు. ఎత్తకుండ్రి, మళ్ల చెయ్యకుండ్రి. రెండు రింగులొస్తే..."

"వస్తే?" అన్నాను.

"రావులే" అన్నాడు.

అమ్మది బటన్ల ఫోన్. అందులో వాడి అక్కడి నంబర్‌ను పేరుతో పెట్టింది నేనే. ఒక రోజు విడిచి ఒక రోజు, మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో, అమ్మ పాలు పితికే వేళకు ఒక్క రింగ్ వచ్చేది. అమ్మ లేచి, తడిచేతిని కొంగుకు తుడుచుకుని, ఫోన్ మీద పేరు చూసుకుని మళ్లీ గేదె దగ్గర కూర్చునేది. ఆ పూటకు మా ఇంట్లో అందరికీ అన్నం సహించేది.

ఆ రోజుల్లోనే నిజామాబాద్ వైపునుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. ఆయన కొడుకు సాయి, మా నరేశ్ ఒకే దళంలో ఉన్నారు. అక్కడ చిక్కుకున్న పిల్లల తల్లిదండ్రులు నలుగురైదుగురు కలిసి ఢిల్లీ పోయి అర్జీ ఇస్తున్నారట.

"నువ్వు ఆఫీసుల పనిచేస్తవ్ గద బిడ్డా. అర్జీ మంచిగ రాస్తవ్. నువ్వు గూడ రా" అన్నాడు.

"మావోడు మంచిగనే ఉన్నడు కాకా, నిన్ననే రింగొచ్చింది. మనం లొల్లి చేస్తే ఆడ వాని మీద కోపం పెట్టుకుంటరేమో" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

వాళ్లు నేను లేకుండానే వెళ్లారు. సాయి పేరు అర్జీలో ఉంది. కాలికి దెబ్బ తగిలి అక్కడి ఆస్పత్రిలో ఉన్న సాయిని ఇంటికి పంపారు. నరేశ్ పేరు అర్జీలో లేదు.

ఒక ఆదివారం పొద్దున సాయి చేతికర్రతో మా ఇంటికి వచ్చి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ఫోన్ తీసి ఇచ్చాడు. నరేశ్ ఫోనే. సరిగ్గా నడుమ ఈ వైపునుంచి ఆ వైపుకు చిల్లు.

"కమాండర్ మేకు పెట్టి చెట్టుకు కొట్టిండక్కా, అందరి ముంగట. ఫోన్ దొరికినోళ్లవి గట్లనే కొడతడు. పొద్దుమీకినంక నేను పీకిన. సిమ్మన్న పనికొస్తదనుకున్నం. సిమ్ముకు గూడ బొక్క పడ్డది."

మర్నాడే ఇద్దరినీ ముందుకు పంపారట. సాయి కాలికి దెబ్బ తగిలింది అక్కడే. నరేశ్ వాడికంటే ముందు నడుస్తున్నాడు. ఆ తర్వాత ఎవరూ చూడలేదు. ఫోన్ మాత్రం సాయి సంచిలో, ఆస్పత్రిలో అతని మంచం కిందే ఉంది.

తేదీ అడిగాను. ఆస్పత్రిలో చేరిన కాగితం చూపించాడు. దానికి ముందురోజే ఫోన్‌ను చెట్టుకు కొట్టింది. అమ్మ ఫోన్ తెచ్చి చూశాను. ఆ రోజు తర్వాత సాయి వచ్చేదాకా పంతొమ్మిది రోజుల్లో పది మిస్డ్ కాల్స్. అన్నీ నరేశ్ పేరు మీద, అన్నీ మూడున్నర ప్రాంతంలోనే. నంబర్‌ను ఒక్కో అంకె పోల్చి చూశాను. అదే.

సాయికి చూపించాను. "ఫోన్ నా సంచిల ఉండె అక్కా" అని తల పక్కకు తిప్పుకున్నాడు. మళ్లీ చూడలేదు.

ఫోన్ కంపెనీలో తెలిసినాయన చేత చూపించాను. ఆ రోజుల్లో అమ్మ నంబర్‌కు బయటి దేశంనుంచి ఒక్క కాల్ కూడా రాలేదన్నాడు. ఇంకో సిమ్ తీసుకున్నాడేమో అన్నారు మా ఆయన. బాంబుల మధ్య పాత నంబర్‌తోనే కొత్త సిమ్ ఎవరిస్తారు?

విన్నవాళ్లు కళ్లు తుడుచుకుని, "తల్లి మీద ఎంత ప్రేమో" అంటారు. ప్రేమట! ఆ రింగులు ఆగి ఉంటే నేను మూడో రోజే ఢిల్లీ రైలెక్కేదాన్ని. కనబడిన ప్రతి ఆఫీసరు కాళ్లూ పట్టుకునేదాన్ని. ఆ పది రింగులే నన్ను ఇంట్లో కూర్చోబెట్టాయి. ఏజెంటు మీద ఉన్న కోపం కంటే నాకు ఆ రింగుల మీదే ఎక్కువ కోపం. వాడే అయితే, ఎందుకురా అబద్ధం చెప్పావు? వాడు కాకపోతే, ఎవరైనా సరే, వాళ్ల నోట్లో మన్ను పడ.

మొన్న మేమూ అర్జీ పెట్టాం. ఫారంలో ఒక గడి ఉంది, 'కుటుంబంతో చివరిసారి సంప్రదించిన తేదీ' అని. అమ్మకు అంతా చెప్పాను, చిల్లు కూడా చూపించాను. "అయితే ఏంది? రింగొచ్చింది గద. ఆఖరి రింగు తారీఖే రాయి" అంది. రాశాను.

కౌంటర్లో ఆయన ఫారం చూశాడు, జత చేసిన సాయి వాంగ్మూలంలో ఫోన్‌ను చెట్టుకు కొట్టిన తేదీ చూశాడు. "ఈ రెండూ పొసగవు మేడం. ఏదో ఒకటి కొట్టెయ్యండి" అన్నాడు. తప్పు ఆయనది కాదు. ఆ కుర్చీలో నేనున్నా అదే అంటాను.

పెన్ను తీసుకున్నాను. సాయి మాట కొట్టేస్తే వాడు అబద్ధమాడినట్టు. నేను రాసింది కొట్టేస్తే మా తమ్ముడికి ఆ పంతొమ్మిది రోజులు లేనట్టు. పక్కన అమ్మ నా చేతివైపే చూస్తోంది.

ఏదీ కొట్టెయ్యలేదు. తీసుకుంటారా లేదా అని ఆఫీసంతా వినబడేలా అరిచాను. తీసుకున్నారు. ఆ రెండింట్లో ఏ తేదీ నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.