తుంగభద్ర ఒడ్డున పిలిచిన పేరు

మొన్న మా మనవరాలు పెళ్లైన వారానికే మొగుడితో ఏదో సముద్రం ఒడ్డు ఊరికి పోయి, ఫోనులో నాకు అలలన్నీ చూపిస్తూ, మధ్యమధ్య ఆ పిల్లవాణ్ణి పేరుపెట్టి, అదీ సగానికి కోసి, కేకేస్తూ ఉంటే నా గుండె ఝల్లుమంది. నీళ్ల పక్కన మొగుడి పేరు వినబడితే నాకు ఇప్పటికీ అంతే. ఎందుకో నా ఈడు ఆడవాళ్లకైతే తెలుస్తుంది, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. నన్ను కమలాపురం ఇచ్చారు. హనీమూను అన్న మాట మా ఇళ్లలో ఎవరి చెవినా పడలేదు. మా అత్తగారికి మంత్రాలయం మొక్కుండేది, కొత్త జంటను వెంటబెట్టుకుని పోదామనుకున్న ఆవిడకు సరిగ్గా ముందురోజు మోకాళ్లు వాచి మంచానపడితే, ఇద్దరమే రైలెక్కాము. ఆ మోకాళ్లకు నేను లోలోపల దండం పెట్టుకున్న సంగతి ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

గడప దాటేటప్పుడు ఆవిడ ఒకటే చెప్పింది. "యాడికి పోయినా వాని పేరు నీ నోట రాకూడదు. మొగుని పేరు పలికితే ఆయుస్సు తగ్గుతాది." ఊరికే అన్న మాట కాదది. ఆవిడ పెద్దకొడుకు పాతికేళ్లకే జ్వరంతో పోయాడు. అంతకు ముందు జనాభా లెక్కలవాళ్లు వచ్చినప్పుడు మా తోడికోడలు మొగుడి పేరు తనే చెప్పిందట, ఆ చావును ఆమె నెత్తినే వేశారు. బోసి నుదురుతో ఆమె వంటింటి మూల కూర్చుని ఉండడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను.

దర్శనానికి ముందు స్నానమని ఏటికి పోయాము. మా పాపాగ్ని ఏడాదిలో ముప్పాతిక భాగం ఇసుకే, మాకు ఏరంటే నడిచి దాటేది. ఆ ధైర్యంతోనే ఆయన, కొత్త పెళ్లాం చూస్తోందన్న హుషారు కూడా తోడై, మోకాలిలోతు నీళ్లలో నడుమనున్న బండ దాకా పోయి, ఒడ్డుకు వీపు పెట్టి తాపీగా పంచె పిండుకుంటూ కూర్చున్నారు.

చూస్తుండగానే నీళ్లు ఎర్రబడ్డాయి. పైన ఎక్కడో వాన పడిందట. ఒడ్డున జనం "నీళ్లొస్తాండాయి, రాప్పా" అని అరిచారు గానీ, ఏట్లో మగవాళ్లంతా అప్పలే, ఆయన తనను కాదనుకున్నారు. నేను "ఇదో, ఇదో" అని అరిచాను. ఆ రేవులో ఎంతమంది ఆడవాళ్లో, అందరూ అదే అరుపు. పక్కనున్న ఒక ముసలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"నీ మొగుడేనా తల్లీ? పేరుపెట్టి పిలువు. నీకు సిగ్గయితే నాకు చెప్పు, నేనన్నా పిలుస్తా."

ఆమెకు చెప్పినా పలికినట్లే కదా. పిలిస్తే చంపినదాన్నవుతాను, పిలవకపోతే కళ్లముందే పోతారు. నీళ్లు బండ అంచు ఎక్కాయి. కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి ఆ పేరు అరిచేశాను.

"ఆఁ?" అని తిరిగి చూశారు.

తిరిగి వచ్చేసరికి నీళ్లు నడుములోతు దాటాయి. ఇద్దరు మనుషులు తుండుగుడ్డ విసిరి లాగారు. ఆయన వణుకుతున్నారు, నేను సంచిలోంచి పొడి పంచె తీసి అందించాను. ఒక్కటే అన్నారు, "అమ్మతో చెప్పొద్దు." నేను చెప్పలేదు.

చెప్పకపోతే మాత్రం భయం పోతుందా? ఆయనకు పడిశం పట్టినా, పొలం నుంచి రావడం ఆలస్యమైనా, నేను అరిచిన ఆ అరుపే ఇప్పుడు తగిలిందేమోనని గడపలో నిలబడి మంత్రాలయం స్వామికి మొక్కుకునేదాన్ని. యాభై ఏళ్లకు పైనే కాపురం చేశాము, ఒక్కరోజు కూడా నిశ్చింతగా లేను. ఆయన ఎనభై దాటి బతికినా ఆ భయం నన్ను వదల్లేదు.

చివరికి కడప ఆస్పత్రిలో, పిల్లలు బయట ఉన్నప్పుడు, ఆయన చెవి దగ్గరికి వంగి రెండోసారి పిలిచాను. ఇక తగ్గడానికి ఆయుస్సు ఏముంది అనుకున్నాను. ఆయన పలకలేదు.

మనవరాలు రోజుకు వందసార్లు పిలుస్తుంది. ఆ పిల్లవాడు వందసార్లూ, ఫోను చూసుకుంటూనే, "ఆఁ" అంటాడు. ఆ "ఆఁ" నాకు ఒక్కసారే దక్కింది. అదీ భయంలో, కళ్లు మూసుకుని విన్నాను.