పక్కింటి పిల్లకి రౌండ్లు

మా ఆయనకి స్టీలు ప్లాంటు పనుల్లో ఉద్యోగం వచ్చి గోదావరి జిల్లా నుంచి మల్కాపురం వచ్చేశాం. పక్క వాటాలో పోర్టు కలాసీ కుటుంబం. వాళ్లమ్మాయీ మా పెద్దదీ ఒకటే తరగతి. ఆ వేసవిలో ఇద్దరినీ ఒకేరోజు ఈత కొలనులో చేర్చాం. చంకలో చంటివాడితో నేను, మురీలనే మరమరాల పొట్లంతో ఆ పిల్ల తల్లి, సిమెంటు మెట్ల మీద కూర్చునేవాళ్లం. కాలవ పక్కనే పుట్టి ఈత రానిదాన్ని నేను. మాదాని తల నీళ్లలో మునిగితే నాకు ఊపిరి ఆడేది కాదు.

నెల తిరిగేసరికి ఆవిడ కూతురు రౌండ్లు కొడుతోంది. మాది ఇంకా థర్మోకోల్ బెండు పట్టుకుని కాళ్లాడిస్తోంది. బెండు వదిలితే మాస్టారు దాని మోచెయ్యి పట్టుకుని, చెయ్యి నీళ్లలోకి ఎలా దిగాలో మళ్లీ మళ్లీ తిప్పించేవారు. ఆ పిల్లకి మాత్రం గట్టు మీదనుంచే "ఇంకో రౌండు" అని కేకేసేవారు. ఆ కేక వింటే నాకు కడుపు మండేది.

వేసవి చివర పోటీలకి మా కొలను నుంచి ఒక్క ఆడపిల్లనే పంపుతామన్నారు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"మాదానికి రౌండ్లెప్పుడిస్తారండీ?"

"చెయ్యి కుదరకుండా రౌండ్లిస్తే తప్పుడు ఈతే అలవాటైపోతుందమ్మా."

"మరి ఆ పిల్లకి?"

"ఆ పిల్లకి దమ్ముంది. ముందు అది పెంచి, తర్వాత చెయ్యి దిద్దుతాను."

దమ్ముంది అన్న మాట ఒక్కటే నా చెవిలో ఉండిపోయింది.

ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడినప్పుడు ఆవిడంది: "నీకేటి వదినా, మేస్టారు నీ కూతురికి సెయ్యట్టుకుని నేర్పతన్నారు. మాదాన్ని రౌండ్లు కొట్టుకోమని ఒగ్గేసినారు. కలాసీ కూతురు గదా, ఎవులు సూత్తారు?"

వెక్కిరిస్తోందేమోనని మొహంలోకి చూశాను. లేదు. నేను రౌండ్లు చూసి ఏడుస్తుంటే, ఆవిడ మాస్టారు మాదాని చెయ్యి పట్టుకోవడం చూసి ఏడుస్తోంది. ఆ పిల్లకి దమ్ముందని మాస్టారన్న మాట చెప్పబుద్ధి కాలేదు.

ఎంపిక రోజుకి చెయ్యి కుదిరిన మా అమ్మాయి నీళ్లు చిమ్మకుండా, చప్పుడు లేకుండా ముందుకెళ్లింది. ఆవిడ మురీలు నమలడం ఆపేసింది. అవతలి గోడ తాకి తిరిగాక మాదాని చేతులు బరువెక్కాయి. ఆ పిల్ల నీళ్లని బాదుకుంటూ, వంకరటింకరగా వచ్చి దాటేసింది. పోటీలకి ఆ పిల్లే వెళ్తుందన్నారు.

మాది తువ్వాలు కప్పుకుని నవ్వుతూ వచ్చింది. "అమ్మా, రేపట్నుంచి నాకూ రౌండ్లంట."

మర్నాడు అన్నట్టే ఇచ్చారు. నెలంతా నేను కోరుకున్న "ఇంకో రౌండు" కేక ఇప్పుడు మాదానికే. నా చూపు మాత్రం కొలను అవతలి మూలనే ఉంది. అక్కడ మాస్టారు ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, మళ్లీ మళ్లీ తిప్పిస్తున్నారు. పోటీలకి వెళ్లే పిల్ల కదా.

"మురీలు తినవేటి వదినా?" అందావిడ పొట్లం చాపి.

ఆకలి లేదన్నాను.